మంచంకోడుకి రెండిటుకలు

మా ఇంట్లో మంచం మీద కూర్చుంటే అమ్మ కాళ్ళు నేలకి ఆనేవి కావు. నాన్నమ్మ ఎక్కాలంటే పీట వెయ్యాల్సి వచ్చేది. కోడుకి రెండు చొప్పున ఎనిమిది ఇటుకల మీద నిలబడి ఉండేది ఆ మంచం. కింద బియ్యం డ్రమ్ము, రెండు రేకు ట్రంకులు, నాన్న పనిముట్ల పెట్టె, చలికాలం దుప్పట్ల మూట, పండక్కి తప్ప బయటికి రాని ఇత్తడి సామాను. వేసవిలో వీటి మధ్యనే గడ్డి పరిచి మామిడికాయలు ముగ్గేసేవారు. పరీక్షలప్పుడు ట్రంకుల పక్కన చాప మీద నేనుండేదాన్ని. పైన తమ్ముడు దొర్లితే పట్టె కిర్రుమనేది, పేజీ మీద దుమ్ము రాలేది.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో నేనెరిగిన ఏ తెలుగింట్లోనూ మంచం తన సొంత కాళ్ళ మీద నిలబడలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. చరిత్ర పుస్తకాల్లో రాజుల సింహాసనాల గురించి ఉంది గానీ, ఒక్క గదిలో ఆరుగురు ఎలా సర్దుకున్నారో ఎక్కడా లేదు. నాకు తెలిసినంతలో ఆ చరిత్ర రాస్తున్నాను. ఇది ఇళ్ళ చరిత్ర కాదు, ఇళ్ళు మావి కావు కదా. ఇళ్ళలో పెట్టుకున్న సామాను చరిత్ర.

మావాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారన్నది ముందు చెప్పాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. మావాళ్ళకది బీఎన్నార్. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరిచాక హౌరా రైళ్ళు నేరుగా ఈ ఎర్ర కంకర నేల మీదికొచ్చాయి. 1902లో వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న తూర్పుతీరపు లైను కూడా అదే కంపెనీ చేతికొచ్చింది. దాంతో టెక్కలి, పలాస, విజయనగరం వైపు మనుషులకి ఖరగ్‌పూర్ తమ కంపెనీ ఊరయింది, తమ గుమ్మంలో ఆగే రైలు పోయి ఆగే ఊరయింది. అడవీ పొలమూ ఉన్నచోట కార్ఖానా లేచింది. ఇంజన్లూ పెట్టెలూ బాగుచేసే ఆ కార్ఖానాకి మనుషులు కావాలి. మా తాత టెక్కలి దగ్గర పల్లె నుంచి ఒక చాపచుట్ట, ఒక నులకమంచం, అన్నం వండుకునే గిన్నె తెచ్చుకున్నాడని నాన్నమ్మ చెప్పేది. మంచం రైలెక్కించడానికి కోళ్ళు ఊడదీసి, నులక చుట్టి, పట్టెలన్నీ కలిపి కట్ట కట్టాడట. ఆలోచిస్తే మా ఇంట్లో మొట్టమొదటి మడత సామాను అదే.

కంపెనీ కట్టిన ఊరు కాబట్టి ఇళ్ళన్నీ వరసలే. పాత సెటిల్‌మెంటు, కొత్త సెటిల్‌మెంటు, మథురాకాటి, నింపురా. అధికార్ల బంగళాలు సౌత్‌సైడులో, చెట్ల నీడన. కూలీలకీ కళాసీలకీ గోడకి గోడ ఆనించి కట్టిన లైన్లు. మాది ఒక గది, ముందు వరండా, వెనక వంటకి చిన్న కొట్టు. గది పొడవు పన్నెండడుగులు, వెడల్పు పది. స్టేషన్లో ప్లాట్‌ఫారం మాత్రం 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసింది గానీ, ప్రపంచంలోకెల్లా పొడుగైన ప్లాట్‌ఫారం మాదేనని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళం. చెప్పుకుని, ఇంటికొచ్చి, మంచం కిందికి దూరేవాళ్ళం.

ఆ ఇంటికి కొన్ని కట్టుబాట్లుండేవి. గోడకి ఇష్టం వచ్చినట్టు మేకులు కొట్టకూడదు. గోడ పడగొట్టకూడదు, కొత్తది లేపకూడదు. బదిలీ అయినా, ఉద్యోగం అయిపోయినా తాళం అప్పగించి వెళ్ళాలి. ఈ మాటలు రోజూ ఎవరూ చెప్పరు గానీ, ఏ వస్తువు కొన్నా ముందు అవే గుర్తొస్తాయి. అందుకే మా ఇళ్ళలో గోడలోకి కట్టిన అలమార లేదు, అటక లేదు. సామానంతా తన కాళ్ళ మీద తను నిలబడాలి, తలుపులోంచి పట్టాలి, రిక్షా బండి మీదికి ఎక్కాలి.

ఇంకో నియమం మా తాత కాలంలో పుట్టింది. 1927లో ఈ కార్ఖానాలో ఫిబ్రవరి, మార్చిల్లో సమ్మె జరిగింది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కార్ఖానాకి తాళం పడింది. కార్మికుల వైపు నిలబడి నడిపించిన వాళ్ళలో వి.వి.గిరి ఒకడు. బరంపురం తెలుగువాడు, తరవాత 1969లో రాష్ట్రపతి అయ్యాడు. మా ఊళ్ళో గిరి మైదాన్ అన్న స్టేషను పేరు ఆయనదేనని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. జీతం ఆగిపోవచ్చునని ఒకసారి చూసిన మనిషి సామాను కొనే తీరు మారిపోతుంది. నాన్నమ్మ మాట ఒకటే: "అమ్మితే డబ్బులొచ్చేదే కొనాల." అందుకని మా ఇంట్లో చెక్క సామాను కంటే ముందు ఇత్తడి బిందెలు చేరాయి. కుర్చీ కుదువ పెట్టుకోడు గదా ఎవడూ.

ఇటుకల విద్య మాత్రం మేం టెక్కలి నుంచి తెచ్చుకున్నది కాదు. అక్కడ నులకమంచం పొద్దున్నే నిలబెట్టి గోడకి చేరేస్తారు. పగలు ఇల్లంతా ఖాళీ. ఇక్కడ పక్కింటి బెంగాలీ కాకీమా ఇంట్లో పడుకునేది చౌకీ. నాలుగు కాళ్ళ మీద బిగించిన చెక్కబల్ల, ఎత్తి నిలబెట్టేది కాదు. ఎత్తలేం కాబట్టి వాళ్ళు దాన్ని పైకి లేపి కింది చోటు వాడుకునేవాళ్ళు. వానాకాలం నేల చెమ్మ, ఎర్రమట్టిలో చెదలు, రెండింటికీ ఇటుకే మందు. అమ్మ కాపరానికొచ్చిన మొదటి వానాకాలంలో ట్రంకు అడుగున పెట్టిన పట్టుచీరని చెదలు తిన్నాయి. మర్నాడే నాన్న ఇటుకలు తెచ్చాడు. ఆ చీర అంచు ముక్క అమ్మ చాలా ఏళ్ళు దాచింది.

అలా ఇంట్లో సగం మాటలు బెంగాలీవి అయ్యాయి. బట్టలు దండెం మీద వేసే అలవాటు పోయి ఆల్నా వచ్చింది. రెండు నిలువు కర్రల మధ్య అడ్డకర్రలు, కింద చెప్పులు పెట్టే పలక. గోడకి ఆనించి పెడితే అడుగు వెడల్పు చోటు చాలు, ఒక్క మేకు అక్కర్లేదు. ఉట్టి కట్టడానికి దూలం అందదు కాబట్టి మిట్‌సేఫ్ వచ్చింది, నాలుగు వైపులా ఇనప జాలీ ఉన్న చిన్న బీరువా. పాలూ కూరా పిల్లికి అందకుండా అందులో. చీమలెక్కకుండా దాని నాలుగు కాళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలు. మంచం కింద ఇటుకలు, మిట్‌సేఫ్ కింద నీళ్ళు. మా ఇంట్లో ఏ వస్తువూ ఉత్తి నేల మీద నిలబడలేదు.

టెక్కలి నులక అరిగిపోయాక దాని చోట బాబుయి తాడు వచ్చింది. ఝాడ్‌గ్రామ్, మయూర్‌భంజ్ వైపు పండే సబాయి గడ్డిని ఇక్కడ బాబుయి అంటారు, సంతాలు ఆడవాళ్ళు పేని కట్టలుగా సంతకి తెచ్చేవాళ్ళు. నవారు కంటే చవక. కొత్తలో గీరుకుంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది. రెండేళ్ళకోసారి మంచం వరండాలోకి తెచ్చి విప్పి, నాన్నా తాతా ఎదురెదురుగా కూర్చుని బిగించేవారు. ఇల్లు కొత్తగా చేసుకోవడం అంటే మాకు అదే. ఆ పూట గది ఎంత పెద్దదిగా కనపడేదో!

అతిథుల గది కూడా ఉండేది మాకు. చుట్టి తలుపు మూల నిలబెట్టేవాళ్ళం. సబంగ్, పింగ్లా వైపు నేసే మాదుర్ చాప అది. ఆ గడ్డిచాపలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు మా తలుపు మూలే గుర్తొచ్చింది. ఎవరైనా వస్తే పరుస్తాం, వాళ్ళు వెళ్ళాక చుడతాం. రాత్రి దాని మీదే పిల్లలం.

ఇక కార్ఖానా సంగతి. నాన్న క్యారేజ్ షాపులో వడ్రంగి. బెర్తులు, కిటికీలు, సీటు పట్టీలు బాగుచెయ్యడం ఆయన పని. ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి కార్ఖానా గేట్లు ఇంటివాళ్ళకి తెరిచేవారు. మేం కొత్త గౌన్లు తొడుక్కుని వెళ్ళేవాళ్ళం. అందరూ ఇంజన్లు చూడ్డానికి పరిగెత్తితే నాన్న నన్ను ఖాళీ బోగీలోకి ఎక్కించి, నడిమి బెర్తు దించి, గొలుసు తగిలించి, మళ్ళీ పైకి మడిచి చూపించాడు. "బోగీలో డెబ్బై చిల్లర మంది తొంగుంటారు. ఆరుగురం మనకేటి?" అన్నాడు.

ఆ మాటలో ఉన్నది నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. ఇరుకు చోట్లో బతకడం ఎలాగో తెలిసిన వడ్రంగులు ఈ దేశంలో ఎవరైనా ఉంటే వాళ్ళు రైలుపెట్టెల వడ్రంగులే. పగలు కూర్చునేది రాత్రి పడుకునేది అవ్వాలి, సామాను సీటు కిందికి పోవాలి, బల్ల కిటికీ కిందికి వాలిపోవాలి, మూలలు గుండ్రంగా ఉండాలి, లేకపోతే నడిచేవాడి మోకాలు పగులుతుంది. పగలంతా ఆ పని చేసిన మనిషి సాయంత్రం ఒంటిగది ఇంటికొస్తాడు. చెయ్యి ఊరుకుంటుందా? మా లైన్లో ఇంటికొక మడత బల్ల ఉండేది. నాన్న చేసింది మిట్‌సేఫ్ పక్కకి బిగించిన పలక. కింద రెండు కీళ్ళు, పైన రెండు గొలుసులు. దించితే నేను రాసుకునే బల్ల, ఎత్తితే మిట్‌సేఫ్‌కి ఒక గోడ. గోడకి బిగించకపోవడంలోనే ఉంది తెలివి. ఇల్లు వదిలినప్పుడు బల్ల మాతో వస్తుంది.

కలప ఎక్కడిది? అసలు చరిత్ర ఇక్కడుంది. పాత రోజుల్లో రైలుపెట్టె అంటే కింద ఇనప చట్రం, పైన టేకు. 1955లో మద్రాసు పెరంబూరులో ఉక్కు పెట్టెల ఫ్యాక్టరీ మొదలయింది. ఆ యేడాదే మా లైను సౌత్ ఈస్టర్న్ రైల్వే అన్న కొత్త పేరు పెట్టుకుంది. ఉక్కు పెట్టెలు వస్తున్నకొద్దీ చెక్క పెట్టెలకి కాలం చెల్లింది. కాలం చెల్లిన పెట్టెల చెక్క వేలానికి వెళ్ళేది. వేలంలో కొన్న వ్యాపారుల దగ్గర ముక్కలు విడిగా దొరికేవి. యాభై ఏళ్ళు ఎండా వానా తిని, ఇక వంగడం మానేసిన టేకు. కొత్త కలప ధరలో కొంతకే వచ్చేది. పట్టాల కింది సాల చెక్క స్లీపర్లు కాంక్రీటువి రావడంతో ఒక్కొక్కటే లేచిపోయాయి. అవి ఉలికి లొంగేవి కావు, కోళ్ళకీ దిమ్మలకీ తప్ప పనికిరావు. మా నాన్న మంచంకోళ్ళు ఒక స్లీపరులోంచి వచ్చినవే. వాటిని చెదలు ముట్టుకోలేదు.

ఈ కలప విషయంలో నాన్నకో పట్టింపు. రైల్వే ఆస్తి అక్రమంగా ఎవరి దగ్గరున్నా నేరమేనని 1966లో చట్టమే వచ్చింది. రైల్వే చెక్క అంటే చూడగానే తెలిసిపోతుంది, పాత రంగు, మర బోల్టుల బెజ్జాలు. అందుకని ముక్క కొన్నప్పుడల్లా వ్యాపారి దగ్గర చీటీ రాయించుకునేవాడు. చీటీలన్నీ ట్రంకు మూత లోపలివైపు గుండుసూదితో గుచ్చి ఉండేవి. చుట్టాలొస్తే దేవుడి పటం కంటే ముందు ఆ చీటీలే కనిపించేవి. మా మడత బల్లకి రెండు చీటీలు, మంచానికి ఒకటి. బల్ల పలకలో బోల్టు బెజ్జం ఒకటి ఉండిపోయింది. దాంట్లో నేను పెన్సిలు నిలబెట్టేదాన్ని.

పాతది కొత్తగా కనపడాలంటే పైపూత కావాలి. మా ఊళ్ళో అది చవక. ఆద్రా లైను మీద కొన్ని గంటల దూరంలో పురూలియా. అక్కడ బలరాంపూర్, ఝాల్దా వైపు లక్క పరిశ్రమ పాతది. కుసుమ చెట్లమీదా పలాశ చెట్లమీదా పురుగు పెట్టే లక్కని కరిగించి పల్చటి రేకులుగా చేసి అమ్ముతారు, ఇక్కడ దాన్ని గాలా అంటారు. ఆ రేకుల్ని స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున బట్టలో వడకట్టి, పాత నూలుగుడ్డలో దూది ఉండ చుట్టి, చెక్క మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. ఒకసారి ఆరాక మళ్ళీ. ఆరేడు సార్లు రుద్దితే గాని టేకు రంగు పైకి రాదు. వానరోజున రుద్దితే తెల్లగా పొంగుతుంది, మొత్తం గీకి మొదలుపెట్టాలి. అందుకని మా లైన్లో పాలిష్ పని దసరా దాటాకే. గోడలకి సున్నం, అందులో చిటికెడు నీలిమందు. వంట కొట్లో బొగ్గు పొగకి ఎంత వేసినా నిలవదు కాబట్టి అక్కడ నడుము ఎత్తు దాకా జేగురు.

మా ఇంటికి అందం తెచ్చిన వస్తువు మాత్రం మేం చేసింది కాదు. ఖరగ్‌పూర్‌లో ఆంగ్లో ఇండియన్లు చాలామంది ఉండేవాళ్ళు, డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్లు. స్వాతంత్ర్యం వచ్చాక ఇంగ్లండుకీ ఆస్ట్రేలియాకీ కుటుంబాలు కుటుంబాలుగా వెళ్ళిపోయారు. ఓడలో సామాను పట్టదు కదా. బంగళా వరండాల్లో అన్నీ పరిచి అమ్మేసేవారు, అద్దం బల్లలు, పడక కుర్చీలు, పియానో స్టూళ్ళు. తాత ఒక అద్దం బల్ల కొన్నాడు. గదిలోకి పట్టలేదు. వారం రోజులు వరండాలో గోనె కప్పుకుని ఉంది. చివరికి నాన్న అద్దం ఒకచోట, సొరుగులు ఒకచోట, కాళ్ళు ఒకచోట అయ్యేట్టు విడగొట్టాడు. అద్దం ఆల్నా మీదికెక్కింది. సొరుగుల పెట్టె మంచం కింద చేరింది, కింద చెక్క చక్రాలతో. కాళ్ళు నాన్నమ్మ ఎక్కే పీటకి వచ్చాయి. పులిగోళ్ళ లాంటి చెక్కుడు పని ఉన్న కాళ్ళు. ఏ దొరసాని తల దువ్వుకుందో ఆ బల్ల ముందు. మా నాన్నమ్మ దాని మీద కాలు పెట్టి మంచమెక్కింది.

బజారు సామాను మా ఇళ్ళలోకి ఆలస్యంగా వచ్చింది. గోద్రెజ్ వాళ్ళు ఇనప బీరువాలు 1923 నుంచీ చేస్తున్నారు గానీ, మా లైన్లోకి అవి, లేక వాటిని చూసి లోకల్‌గా రేకుతో చేసినవి, వచ్చింది 1979-80లో రైల్వేవాళ్ళకి బోనస్ మొదలయ్యాకే. పూజ ముందు బోనస్, పూజ తరవాత రిక్షా బండ్ల మీద తాళ్ళతో కట్టిన బీరువాలు. మాదీ వచ్చింది. దాంతో గదిలో మనిషి తిరిగే దారి ఒకటే మిగిలింది. తరవాత టీవీ. 1987 జనవరిలో ఆదివారాలు రామాయణం మొదలయ్యాక పొద్దున్నే లైనంతా మా గదిలోనే. నేల మీద పిల్లలు, వాళ్ళ వెనక పెద్దలు, అందరికీ వెనక ఇటుకల మీది మంచం మీద ముసలివాళ్ళు. ఎవరి తల ఎవరికీ అడ్డం రాలేదు. సినిమా హాల్లో బాల్కనీ ఎందుకు ఎత్తుగా కడతారో అప్పుడు తెలిసింది మాకు.

1988లో నాన్న రిటైరయ్యాడు. మలంచా వైపు కొన్న కొద్ది జాగాలో రెండు గదులు వేయిస్తున్నారు అప్పటికి. క్వార్టరు అప్పగించిన రోజున ఒకాయన కాగితం పట్టుకుని వచ్చి గడియలు, కొళాయి, దీపం బిగింపులు లెక్కపెట్టుకున్నాడు. గది ఖాళీ చెయ్యడానికి మాకు పట్టింది ఒక్క పూట. మిట్‌సేఫ్ బల్ల మడిచాం, ఆల్నా విప్పాం, మంచంకోళ్ళు ఊడదీశాం. మూడు తరాల కాపరం రెండు బండ్లకి సరిపోయింది. నేల మీద మాత్రం ఎనిమిది ఇటుకలు, నాలుగు జతలుగా, మంచం ఉన్నచోటే మిగిలాయి. నేను తీసుకోబోతే నాన్న వద్దన్నాడు. "తరవాతోడికి పనికొస్తాయి." గుమ్మం దాకా వెళ్ళి ఆగి, మళ్ళీ అన్నాడు: "వాటికి చీటీ కూడా లేదు."

కొత్తింటి గోడలు లేస్తున్నప్పుడు ఇటుకల బండి దిగగానే అమ్మ చేసిన మొదటి పని ఎనిమిది మంచివి ఏరి పక్కన పెట్టడం. మేస్త్రీ నవ్వాడు. సొంతిల్లు, గోడలో అలమార్లు కట్టించుకోవచ్చు, మేకులు కొట్టుకోవచ్చు, మంచం కింద ఎవరు పెట్టుకుంటారమ్మా అన్నాడు. "ఇల్లు పెరిగితే సామాను పెరగదేటి?" అంది అమ్మ. అలమార్లు కట్టించింది, మేకులూ కొట్టించింది, మంచాన్నీ లేపింది.

పోయినేడు మా కోడలు కొత్త మంచం కొంది. పరుపు కింద పలక లాగితే గ్యాసు కడ్డీ మీద దానంతటదే పైకి లేస్తుంది, లోపలంతా సామాను పెట్టుకునే చోటు. చవక కాదు. బిగించడానికి వచ్చిన కుర్రాడు చాలా ఉత్సాహంగా రెండుసార్లు ఎత్తి దించి చూపించాడు. నేనూ ఉత్సాహంగానే చూశాను. వాడు చెప్పేదంతా మా నాన్న ఆ బోగీలో చూపించిందే. కాకపోతే గొలుసు చోట కడ్డీ వచ్చింది.

పాత మంచం పట్టెలు విరిగాయి, కోళ్ళు మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి, వరండాలో పెట్టాం. అమ్మ ఏరిన ఇటుకల్లో నాలుగు వాషింగ్ మెషీన్ కిందికెళ్ళాయి. మిగతా నాలుగు ఏం చేద్దామని కోడలు అడిగింది. ఉండనీ అన్నాను. వానలొచ్చాక చూస్తే మనవడి పుస్తకాల అట్టపెట్టెలు వాటి మీదికెక్కి ఉన్నాయి. కోడలే సర్దింది. ఆ పిల్లది రాయ్‌పూర్, ఇటుకల సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.